సమాధానం: 40 వాట్ల షేడ్‌లో ఏ బల్బు పెట్టొచ్చు?

మంచం పక్కన దీపానికి ఉన్న గుడ్డ షేడ్ (బల్బు చుట్టూ ఉండే తొడుగు) మీద "గరిష్ఠం 40 వాట్లు" అని ఉన్నా 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వాడారు, గుడ్డ గోధుమ రంగుకు తిరిగి కాలిన వాసన వస్తోంది, ఇప్పుడు 15 వాట్ల ఎల్‌ఈడీ పెట్టొచ్చా అని అడిగారు కదండీ. ముందు ఆ పాత బల్బు ఈరోజే తీసేయండి. ప్లగ్ పీకి, బల్బు పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది. షేడ్ మీద రాసిన 40 ఆ వేడికి పెట్టిన హద్దు, వెలుతురుకు కాదు. అందుకే ఎల్‌ఈడీ కొనేటప్పుడు పెట్టె మీద "60 వాట్లకు సమానం" అన్న మాట చూసి భయపడకండి. అది నిజంగా తీసుకునేది 9 వాట్లే. 15 వాట్లది కూడా హద్దులోనే ఉంటుంది, కానీ మంచం పక్కన కళ్ళు జిగేలుమంటాయి. నా మాట వింటే 7 లేదా 9 చాలు.

షేడ్ పైన తెరిచి ఉందా? ఉంటే సమస్య లేదు. అన్ని వైపులా మూసి ఉంటే వేడి లోపలే చిక్కుకుని ఎల్‌ఈడీలోని సర్క్యూట్ త్వరగా పాడవుతుంది, అప్పుడు తక్కువ వాట్లదే తీసుకోండి.

హోల్డర్ కూడా చూడండి. నల్లబడినా, పగిలినా, వైరు తొడుగు పెళుసుగా విరుగుతున్నా ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. ఆ వాసన అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు.

అన్నట్టు, పూజగదిలో వాడే పాతకాలపు "జీరో బల్బు" కూడా సున్నా కాదు, దాదాపు 15 వాట్లు. దాన్ని గుడ్డకో, కాగితపు పూలకో ఆనించి ఉంచకండి.