చెలకలో దొరికిన పదును రాయి ఆదిమానవుల పనిముట్టేనా?

నల్లగొండ వైపు గుట్టల కింద చెలకలు దున్నినప్పుడు తేలే చెకుముకి రాళ్ల గురించి అడిగారు. ముందు నునుపు ముఖం చూడండి. దెబ్బ పడిన అంచు కిందే చిన్న ఉబ్బు, దాని చుట్టూ నీటి అలల్లాంటి వంపు గీతలు ఉంటే అది కొట్టి తీసిన పెచ్చు. ట్రాక్టర్ నాగలి తగిలినా ఉబ్బు రావచ్చు. ఆ విరుగు తాజాగా మెరుస్తుంది, పాతదానిపై సాధారణంగా రంగు మారిన పొర ఉంటుంది. పలుగురాయిలోనైతే ఉబ్బు సరిగా కనపడదు, తొందరపడొద్దు. ఒక్క పెచ్చు చాలదు. 1–4 సెంటీమీటర్ల సన్నని పలకలు, వాటిని తీసిన నిలువు గాడులున్న దిమ్మ ఒకేచోట ఉంటే నమ్మొచ్చు. దయచేసి ఏరి సంచిలో వేయకండి, చోటు తెలియకపోతే ఆ రాయి చెప్పే చరిత్ర చాలావరకు పోయినట్టే. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, లొకేషన్‌తో రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి.