భారతం మేళం వ్యాసం తీసేస్తామన్నప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

భారత కథను నాటకంగా ఆడే మీ ఊరి భారతం మేళం మీద తెలుగు వికీపీడియాలో నువ్వు రాసిన వ్యాసానికి తొలగింపు మూస, అంటే తీసేయాలా వద్దా చర్చించమనే నోటీసు, తగిలించారని అక్కయ్య ఫోన్లో చెప్పింది. కోపంగా జవాబు రాసి ఉంటే ఇంకా పెట్టకు.

అక్కడ తేల్చేది మేళం గొప్పదా కాదా అని కాదు. మేళంతో సంబంధం లేనివాళ్లు నమ్మదగ్గ చోట దాని గురించి వివరంగా రాశారా అని చూస్తారు. విషయ ప్రాధాన్యత అంటే అదే. ఉత్సవాల కరపత్రం చెల్లదు, అది మనవాళ్లు వేయించుకున్నదేగా. పేపర్లో 'నేడు దుర్యోధన వధ' అని వచ్చే రెండు లైన్లూ చాలవు. తిరుపతి గంగమ్మది కూడా ఊరి జాతరే. కానీ దాని మీద ఒక అమెరికా ప్రొఫెసరమ్మ రాసిన పుస్తకాన్ని 2013లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. అలాంటి ఆధారం చేతిలో ఉంటే వాదనే అక్కర్లేదు.

'ఫలానా సినిమాకి పేజీ ఉందిగా, మాకెందుకు లేదు?' అనొద్దు. ఆ మాట ఎవరూ పట్టించుకోరు. వాట్సాప్ గ్రూపులో చెప్పి పదిమంది చేత 'ఉంచాలి' అని రాయించావా, ఉన్న పరువూ పోతుంది. అది ఓట్ల లెక్క కాదు. మీ తాతయ్య అదే మేళంలో దుర్యోధనుడి వేషం కట్టేవాడని చర్చ పేజీలో నువ్వే ముందు చెప్పెయ్.

నన్నడిగితే, ఒక్క మేళానికి వేరే పేజీ కష్టం. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం మొత్తం మీద రాయి. పగలు హరికథ, రాత్రి నాటకం, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కి పద్యాలు పాడుతూ నిమ్మకాయలు విసరడం, పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద వరపడటం, అంటే సంతానం కోరి నేల మీద పడుకోవడం, ఇదంతా రాయడానికి బోలెడు ఉంది. మీ మేళం అందులో ఒక పేరా. యస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో జానపద కళల మీద వచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు తిరగెయ్, పేజీ నంబర్లతో సహా రాసుకో.

పల్లె కళల గురించి పేపర్లు రాయలేదు కాబట్టి వాటికి ప్రాధాన్యత లేదనడం నాకూ అన్యాయంగానే ఉంటుంది. ఆ గొడవ వికీలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో పెట్టు, తొలగింపు చర్చలో కాదు.

నువ్వు తీసిన తపస్సు మాను ఫోటోలు వికీవాళ్ల ఫోటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించు, అక్కడ ఈ ప్రాధాన్యత షరతు లేదు. వ్యాసం పోయేలా ఉంటే, దాన్ని నీ ప్రయోగశాలకు, అంటే నీ సొంత చిత్తు పేజీకి, మార్చమని నిర్వాహకుల్ని ఇవాళే అడుగు.

మీ మామయ్య, తిరుపతి