ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడాలి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది టెక్కలి దగ్గర పల్లె. బీకాం చదివాను. సైకోథెరపిస్ట్ కావాలని కోరిక. ఆన్‌లైన్‌లో ఆరు నెలల డిప్లొమా చేస్తే సొంతంగా కౌన్సెలింగ్ సెంటర్ పెట్టుకోవచ్చంటున్నారు. నిజమేనా? లైసెన్స్ కావాలా? ఏడాదిగా నాకూ నిద్ర సరిగా పట్టడం లేదు. నాన్నకు రాసిన ఆల్‌ప్రాజోలామ్ వేసుకుంటున్నాను. మొదట్లో సగం సరిపోయేది, ఇప్పుడు ఒకటి కావాల్సొస్తోంది. ఈ చదువు చదివితే నా ఇబ్బంది నేనే సరిచేసుకోగలనని ఆశ.

జవాబు: మీరు అడిగింది చదువు గురించే. నాకు దిగులు పుట్టించింది మాత్రం ఆ మాత్ర. సగం కాస్తా ఒకటి అయిందంటే ఒళ్లు దానికి అలవాటు పడుతోందన్నమాట. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే గుండెదడ, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎంత, ఎలా అన్నది మిమ్మల్ని చూడకుండా చెప్పలేను.

ఓపీలో చాలామంది పర్సులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి చూపిస్తారు. నాలుగు మాత్రలుంటాయి, మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం మింగుతున్నారో వాళ్లకే తెలియదు. ఆల్‌ప్రాజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. నాన్నగారి చీటీ నాన్నగారికే అమ్మా. ఆయన మాత్రలు మీరు వేసుకుంటుంటే మధ్యలో ఆయనకు అయిపోతే ఏమిటి గతి?

మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి పరిగెడతాం, నిద్ర లేకుండా ఏడాది ఆగుతాం. దాని వెనక డిప్రెషన్ ఉండొచ్చు, ఆందోళన ఉండొచ్చు, థైరాయిడ్ కూడా కావచ్చు. నిద్రలేమికి సీబీటీ అనే థెరపీ ఉంది, అంటే మందుల్లేకుండా ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స. బాగా పనిచేస్తుంది. మీ పరిస్థితిలో అది మీకు మీరే చేసుకోవడం మంచిది కాదు. నా బీపీకి నేనూ వేరే డాక్టరు దగ్గరికే వెళ్తాను.

ఇక చదువు. మన దేశంలో సైకోథెరపిస్ట్ అన్న పేరుకు విడిగా లైసెన్స్ లేదు, అందుకే ఆరు నెలల కోర్సుల వ్యాపారం నడుస్తోంది. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐలో రిజిస్టరు కావాలి. ఇన్నాళ్లూ ఉన్న దారి: సైకాలజీలో పీజీ, 55 శాతం మార్కులు, ఆపైన ఆసుపత్రిలో రోగులను చూస్తూ రెండేళ్ల ఎంఫిల్. ఇప్పుడు ఈ కోర్సుల పేర్లు, అర్హతలు మారుతున్నాయి. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. బీకాంతో పీజీ సీటు ఇస్తారో లేదో ఆంధ్రా యూనివర్సిటీలో అడగండి. దూరవిద్యలో సైకాలజీ అడ్మిషన్లను 2025 నుంచి యూజీసీ ఆపేసింది. మందులు రాయాలంటే ఎంబీబీఎస్ ఉండాల్సిందే, సైకియాట్రిస్ట్ కావాలంటే ఆపైన సైకియాట్రీలో పీజీ చేయాలి.

మీ కోరిక మంచిది. మన జిల్లాకు ఇలాంటివాళ్లు కావాలి కూడా. మనసు మరీ బరువెక్కినా, చచ్చిపోవాలనిపించినా అర్ధరాత్రైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఈ వారంలోనే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. నాన్నగారి చీటీ, మీ దగ్గరున్న స్ట్రిప్ రెండూ పట్టుకెళ్లండి.