ఓడ మీద గాయపడితే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు సరుకుల ఓడలో డెక్ మీద పనిచేస్తాడు. ఓడను రేవులో కడుతుండగా తాడు తెగి తగిలి మోకాలు దెబ్బతింది. అతనే తప్పు చోట నిలబడ్డాడు కాబట్టి తమకు బాధ్యత లేదని కంపెనీవాళ్లు అంటున్నారు. పోనీలే అని కొంత డబ్బు ఇస్తారట, ‘ఫుల్ అండ్ ఫైనల్’ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే పెట్టవద్దు. కాలు ఎంతవరకు బాగుపడుతుందో డాక్టరు తేల్చకముందే సంతకం చేస్తే, రేపు మోకాలు వంగకపోయినా అడిగే దారి మూసుకుపోవచ్చు.

2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2006 (ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం చికిత్స, తిండి, బస, ఇంటికి చేర్చే ఖర్చు ఓడ యజమాని మీదే పడతాయి. యజమాని తప్పు చేశాడని మీరు రుజువు చేయనక్కర్లేదు. దేశాల చట్టాలు మినహాయింపు ఇవ్వగలిగేది మూడు సందర్భాల్లోనే: ఓడ పనితో సంబంధం లేని గాయం, కావాలని చేసిన దుష్ప్రవర్తన, ఉద్యోగంలో చేరేటప్పుడు దాచిపెట్టిన జబ్బు. తాడు దగ్గర నిలబడటం మహా అయితే ఏమరుపాటు. అది ఈ మూడింటిలో దేని కిందికీ రాదు.

ఓడ మీద ఉన్నంతకాలం, ఇల్లు చేరేదాకా పూర్తి జీతం రావాలి. ఆ తర్వాత ఎంతన్నది వర్తించే చట్టాన్ని, యూనియన్ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. చికిత్సకూ జీతానికీ చట్టం గడువు పెట్టవచ్చు గానీ, అది గాయపడ్డ రోజు నుంచి 16 వారాలకు తగ్గకూడదు. 16 వారాలు దాటితే ఇంకేమీ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. శాశ్వత వైకల్యానికి ఉద్యోగ ఒప్పందంలో రాసిన పరిహారం దీనికి వేరు. ఆ సొమ్ముకు బీమా వంటి ఆర్థిక హామీ ఉండాలని 2017 జనవరి 18 నుంచి నిబంధన వచ్చింది. హామీ ఇచ్చిన సంస్థ పేరు, చిరునామా ఉన్న సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేచోట అంటించి ఉంటుంది. దాని ఫొటో సంపాదించండి. ఆ సంస్థనే నేరుగా అడగవచ్చు. ఒప్పందంలో ఉన్నదానికన్నా తక్కువకు ఒప్పుకోమని ఒత్తిడి చేయడాన్ని ఆ నిబంధనే నిషేధించింది.

ఇక కాగితాలు. ప్రమాద నివేదిక, లాగ్ బుక్‌లో ఆ రోజు నమోదు, రేవు ఆసుపత్రి రిపోర్టులు, విశ్రాంతి గంటల రికార్డు, వీటి నకళ్లు కావాలి. విశ్రాంతి రోజుకు 10 గంటలకు, వారానికి 77 గంటలకు తగ్గకూడదన్నది సాధారణ నియమం. తగ్గితే అది మీకు బలమైన ఆధారం. తెగిన తాడు మాయమయ్యేలోపు తోటివారెవరైనా దాని ఫొటో తీస్తే మంచిది. చాలా కేసులు చెడేది సైన్-ఆఫ్ దగ్గర, అంటే పని ముగించి ఓడ దిగేటప్పుడు. ఓడ దిగడానికి కారణం ‘స్వంత కోరిక’ అని రాస్తే ఒప్పుకోవద్దు, ‘వైద్య కారణం’ అనే రాయించాలి. కంపెనీ వినకపోతే, ఈ ఒప్పందంలో చేరిన దేశంలో ఓడ ఆగిన ఏ రేవులోనైనా అక్కడి ప్రభుత్వ తనిఖీ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: తాడు తెగితే ఎక్కడిదాకా తగులుతుందో చూపడానికి డెక్ మీద గీసిన ప్రమాద గీత బయట నిలబడితే క్షేమమేనా?

జవాబు: కాదు. బిగుసుకున్న నైలాన్ వంటి సింథటిక్ తాడు సాగి శక్తిని దాచుకుంటుంది, తెగగానే కొసలు కంటికి కనబడనంత వేగంగా వెనక్కి కొడతాయి. తెగేముందు చప్పుడు చేస్తుందన్న భరోసా కూడా లేదు. తాడు రోలర్ల చుట్టూ తిరిగి వస్తుంటే దెబ్బ ఏ దిక్కుకు వస్తుందో గీత చెప్పలేదు. తాడు బిగువుగా ఉన్నంతసేపు డెక్ ఆ భాగమంతా ప్రమాదస్థలమే అనుకుని, పనిలేనివారు దూరంగా ఉండాలి. తాడు వంపు లోపల అడుగు పెట్టకూడదు. ఎండకు, ఉప్పుకు, రాపిడికి అరిగిన తాడు దాని మీద రాసిన బరువుకన్నా చాలా ముందే తెగుతుంది.

ప్రశ్న: ట్యాంకులో దిగిన మనిషి పడిపోతే వెంటనే దిగి లాగవచ్చా?

జవాబు: దిగవద్దు. ఆత్రంగా దిగినవారు కూడా అక్కడే పడిపోవడం ఈ ప్రమాదాల్లో పదేపదే కనిపిస్తుంది. ఇనుము తుప్పుపట్టినా, బొగ్గు, కలప వంటి సరుకు నిలవున్నా లోపలి ఆక్సిజన్ హరించుకుపోతుంది. మామూలు గాలిలో అది 20.9 శాతం. పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా కొలవాలి; విషవాయువులకు వేరే కొలత. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. అలారం మోగించండి, శ్వాస పరికరం తొడుక్కున్న బృందాన్నే దించండి. ముఖానికి గుడ్డ కట్టుకోవడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

ప్రశ్న: చేపల పడవలో పనిచేసేవారికి, ప్రయాణికులకు ఇవే నియమాలా?

జవాబు: కావు. చేపల పడవలకు వేరే ఒప్పందం ఉంది, 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాన్ని అంగీకరించిన దేశాలు తక్కువ. మిగతాచోట్ల స్థానిక చట్టమే దిక్కు. ప్రయాణికులకు ఏథెన్స్ కన్వెన్షన్ (ఓడ ప్రయాణికుల పరిహారంపై అంతర్జాతీయ ఒప్పందం) వర్తించేచోట, ఓడ మునగడం, ఢీకొనడం, అగ్నిప్రమాదం వంటివాటిలో తప్పు నిరూపించకుండానే పరిహారం అడగవచ్చు. మెట్ల మీద జారిపడితే మాత్రం కంపెనీ తప్పును మీరే చూపించాలి. దావాకు గడువు ఓడ దిగిన రోజు నుంచి 2 ఏళ్లు. అమెరికా ఆ ఒప్పందంలో లేదు. అక్కడి చట్టం ప్రకారం టికెట్‌లోనే 6 నెలల్లో నోటీసు, ఏడాదిలో దావా అని షరతు పెట్టవచ్చు. అందుకే గాయపడిన వారంలోనే టికెట్ వెనక రాసిన షరతులన్నీ లాయరు చేత చదివించండి.