అమెరికాలా మనకూ వరద పనుల చట్టం ఉంటే బుడమేరు ముంచేది కాదా?

అంత తేలిక కాదండీ. మాది విజయవాడ సింగ్‌నగర్, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి కింది పోర్షన్ నీళ్లలో ఉంటే పైవాళ్ల ఇంట్లో తలదాచుకున్నాం, అప్పట్నుంచే ఈ నిధుల సంగతులు వెతికి మరీ చదువుతున్నాను.

మీరంటున్నది వాటర్ రిసోర్సెస్ డెవలప్‌మెంట్ యాక్ట్. 2014 నుంచి రెండేళ్లకోసారి తెస్తున్నారు. అక్కడ ఆర్మీ ఇంజినీర్ల విభాగం పని సాధ్యమేనా, ఖర్చుకు తగ్గ లాభం ఉందా అని లెక్కకట్టి రిపోర్టు ఇస్తే, కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) ఆ పనికి అనుమతి ఇస్తుంది. అనుమతి మాత్రమే! డబ్బులు వేరే బడ్జెట్ బిల్లులో రావాలి, అవి రాక ఏళ్ల తరబడి కాగితం మీదే ఉన్న పనులు అక్కడా బోలెడు. పైగా 1986లో ఇదే పేరుతో వచ్చిన చట్టం తర్వాత స్థానిక ప్రభుత్వాలు కూడా వాటా పెట్టుకోవాల్సిందే.

మన రాజ్యాంగంలో నీళ్లు, కాలువలు, గట్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అందుకని బుడమేరు గట్టు బాధ్యత రాష్ట్రానిదే, కేంద్రం నుంచి వచ్చేది ఏదో ఒక పథకం కింద సాయం. 2021 ఆనకట్టల భద్రత చట్టం ఉందిగా అంటారేమో, అందులో కాలువల్ని, వరద గట్లని ఆనకట్ట నిర్వచనం నుంచే తీసేశారు. ఇక చట్టంలో పేరెక్కిన పోలవరం సంగతి చూడండి. 2014 విభజన చట్టం 90వ సెక్షన్‌లో జాతీయ ప్రాజెక్టు అని రాసుకున్నాం, పదేళ్లు దాటినా పూర్తి కాలేదు, వరదకి దెబ్బతిన్న డయాఫ్రం వాల్ (డ్యాం అడుగు నుంచి నీళ్లు ఊరిపోకుండా భూమిలో కట్టే గోడ) స్థానంలో కొత్తది మొదలుపెట్టడానికే 2025 వచ్చింది.

మా ఇల్లు మునగడానికి కారణం వేరే. వెలగలేరు దగ్గర్నుంచి బుడమేరు నీళ్లను డైవర్షన్ ఛానల్‌లో మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది, అంత నిండుగా ఉన్న నదిలోకి ఛానల్ నీళ్లు ఎలా దిగుతాయి? ఛానల్ గట్లకి గండ్లు పడి నీళ్లు ఊరి మీదకొచ్చాయి. కొల్లేటికి పోయే పాత దారేమో ఇళ్లతో ఇరుకైపోయింది (మా వీధి కూడా ఆ లెక్కలోదే, దాచేదేముంది).

కాబట్టి కొత్త చట్టం కన్నా ఛానల్ వెడల్పు, గట్ల పటిష్ఠత ముఖ్యం. ఈసారి మీ కార్పొరేటరో ఎమ్మెల్యేనో కనబడితే చట్టం గురించి కాదు, ఎస్టిమేట్ ఎంత, డబ్బు ఏ పద్దులో పెట్టారు, టెండరు పిలిచారా అని అడగండి. హామీ ఇస్తే మాత్రం జీవో నంబర్ అడగండి.