కారుతున్న ఆయిల్ పైపు కోసం చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి మీద మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డుకు తోలుతాను. ఇంజిన్ ఆయిల్ కూలర్ పైపు లీకవుతోంది. రెండు రోజులకోసారి అరలీటరు పోస్తున్నా. రెండు పైపులూ మార్చడానికి మెకానిక్ 11,000 అడుగుతున్నాడు. చేతిలో 2,000 ఉన్నాయి. సీజన్ అయ్యేదాకా ఇలాగే నెట్టుకురావాలా, లక్ష చీటీ పాడుకోవాలా? ఇప్పుడు పాడితే 20,000 దాకా పోతుంది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం ఇష్టం లేదు.

జవాబు: రెండూ వద్దండి. పైపులు ఈ వారమే మార్పించండి. చీటీ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ముందు మీరు పోస్తున్న ఆయిల్ లెక్క చూద్దాం. లీటరు 400 అనుకున్నా రోజుకు 100 రూపాయలు నేలపాలు. నెలకు 3,000. నాలుగు నెలలు తిరగకుండానే రిపేరు ఖర్చు దాటిపోతుంది, పైపు మాత్రం పాతదే.

అసలు భయం ఆ వంద గురించి కాదు. ఆ పైపులో వేడి ఆయిల్ ప్రెషర్‌తో వెళ్తుంది. రబ్బరు, ఇనుప గొట్టం కలిసే ప్రెస్సింగ్ దగ్గర ఈరోజు చుక్కలుగా కారేది, రేపు లోడు మీద ఒక్కసారిగా ఊడితే నిమిషాల్లో ఆయిల్ ఖాళీ. బేరింగులు పట్టేస్తాయి. ఇంజిన్ దించితే ఎంతవుతుందో మీ మెకానిక్‌నే అడగండి, ఈ 11,000 చిన్నగా కనిపిస్తుంది. ఆయిల్ వేడెక్కిన సైలెన్సర్ గొట్టం మీద పడితే నిప్పంటుకోవచ్చు కూడా. వెనకాల ఉన్నవి ఎండు మిర్చి, గోనె సంచులు. మీకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంటే, బండి కాలినా మీ బండికి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా అరిగిపోయిన పైపుకు, ఆయిల్ లేక పట్టేసిన ఇంజిన్‌కు మామూలు పాలసీ ఇవ్వదు.

ఇక డబ్బు సంగతి. కావలసింది 9,000. దానికోసం 20,000 వదులుకుని చీటీ ఎత్తడం ఏ లెక్కనా కుదరదు. పైగా మిగిలిన డబ్బు చేతిలో ఉంటే నిలవదు, నెలనెలా వాయిదా మాత్రం కట్టాలి. డైలీ ఫైనాన్స్ వాళ్లు చేతికి 8,800 ఇచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ, ఏడాదికి లెక్కేస్తే వడ్డీ నూటికి వంద దరిదాపుల్లో పడుతుంది.

బంగారం అంటే మీకు మనసొప్పడం లేదని అర్థమైంది. గొలుసు కదిలించక్కర్లేదు, రెండు గ్రాముల ఉంగరం చాలు. ఇంట్లో ఆవిడతో కూర్చుని ఈ లెక్క చెప్పి, ఆవిడ సరేనంటేనే చేయండి. బ్యాంకులో ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే 9,000కు మూడు నెలలకు 225 రూపాయలు, బంగారం విలువ కట్టే అప్రైజర్ చార్జీలు వేరు. బంధువుల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా మూడు నెలలకు 540. ఇష్టం లేకపోతే ఉంగరం అలాగే ఉంచి ఇలా తెచ్చుకోండి, 300 తేడా కోసం ఇంట్లో గొడవ అక్కర్లేదు.

డబ్బు ఇచ్చేముందు ఒక పని చేయండి. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, అందుకని తడి కనిపించిన చోటే లీకు అనుకోకూడదు. ఇంజిన్ కింద శుభ్రంగా తుడిపించి, పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచి, ఎక్కడ తడి మొదలవుతుందో మీ కళ్లతో చూడండి. ఒక్కోసారి 50 రూపాయల ఓ-రింగ్ (జాయింటులో ఉండే రబ్బరు రింగు) మారిస్తే సరిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పైపు కొత్తగా ప్రెస్ చేసి ఇచ్చే షాపులున్నాయి, కంపెనీ సెట్టు కంటే తక్కువలో రావచ్చు. కానీ వేడి ఆయిల్‌కు, ప్రెషర్‌కు తగిన హోస్ అని అడిగి తీసుకోండి. నీళ్ల పైపు ముక్క వేసి క్లిప్పులు బిగిస్తానంటే ఒప్పుకోవద్దు.

అప్పటిదాకా రోజూ పొద్దున డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ ఎర్ర లైటు వెలిగితే యార్డు ఎదురుగా కనబడుతున్నా సరే, అక్కడే ఇంజిన్ ఆపేయండి.

రిపేరయ్యాక ఆ రోజువారీ వంద అప్పుకే కట్టండి, మూడు నెలలు దాటగానే తీరిపోతుంది. ఆ తర్వాత కూడా ఆపకుండా అదే వంద బండి పేరు మీద వేరే ఖాతాలో వేస్తుంటే, వచ్చే సీజన్‌లో టైర్లకు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.