వేడి చేశాక కాంపోజిట్ ఎందుకు పెళుసైంది?

తమ్ముడూ, నికలాన్ ఫైబర్ (సిలికాన్ కార్బైడ్ దారాలు), వాటి మీద కార్బన్ పూత ఉన్న సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ బార్లను 800 డిగ్రీల దగ్గర మామూలు గాలిలో వేడి చేస్తే బెండ్ టెస్ట్‌లో సుద్దముక్కలా పుటుక్కుమన్నాయన్నావు కదా. తప్పు ఫర్నేస్‌ది కాదు, గాలిది. మన నల్లగొండ ఇటుక బట్టీ లెక్క, కాల్చినకొద్దీ గట్టిపడుతుందనుకుంటే ఇక్కడ కుదరదు.

విరిగిన ముఖాన్ని ఒకసారి మైక్రోస్కోప్ కింద పెట్టు. మంచి ముక్కలో ఫైబర్లు బ్రష్ కుచ్చులా బయటికి పొడుచుకొని ఉంటాయి. నీదాంట్లో నున్నగా తెగి ఉంటే, పగుళ్లలోంచి దూరిన ఆక్సిజన్ కార్బన్ పూతను తినేసింది, ఆ సందులో సిలికా ఏర్పడి ఫైబర్‌ను మాత్రికకు, అంటే చుట్టూ ఉన్న సిలికాన్ కార్బైడ్‌కు, అతికించింది. పగులును పక్కకు మళ్లించేది ఆ పూతే, అది పోయాక పగులు మళ్లదు, నేరుగా ఫైబర్‌ను కోసేస్తుంది.

ఈసారి శుద్ధమైన ఆర్గాన్‌లో (దేనితోనూ చర్య జరపని వాయువు) చెయ్యి. అయినా 1200 డిగ్రీలు దాటించకు. నికలాన్ ఫైబర్ తనలోని ఆక్సిజన్ వల్ల తానే విచ్ఛిన్నమై, వాయువులు వదిలి బలహీనపడుతుంది. గాలిలోనే వాడాల్సిన భాగమైతే బోరాన్ నైట్రైడ్ పూత మేలు, కాకపోతే తేమంటే దానికీ పడదు.